కొరియా, జపాన్ కొంటున్నాయని మనం సరుగుడు వేయవచ్చా?

పూసపాటిరేగ రైతు:
మా ఊరికి ఒక దళారి వచ్చి వేరుశనగ మానేసి సరుగుడు వేయమంటున్నాడు. కొరియా, జపాన్ విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు కర్ర పెల్లెట్లు, అంటే రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలు కాలుస్తున్నాయట. ఇక ధర పడే ప్రసక్తే లేదట. సరుగుడు కర్రకు కాగితం మిల్లు ధర తగ్గించినప్పుడల్లా దిక్కులు చూసేవాళ్లం మేము. ఈ మాట నమ్మవచ్చా? తెలిసినవారు లెక్కలతో చెప్పండి.

భోగాపురం తీరం:
నేను వేయమనే అంటాను. కొరియా 2012లో దిగుమతి చేసుకున్న పెల్లెట్లు లక్ష టన్నుల పైచిలుకు మాత్రమే. రెండేళ్లకే అవి 18 లక్షలు దాటాయి, 2018 నాటికి 30 లక్షలకు చేరాయి. జపాన్ 2023లో దాదాపు 58 లక్షల టన్నులు తెప్పించుకుంది. వియత్నాంలో ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు కూడా తుమ్మ జాతి చెట్లు పెంచి ఈ బేరంతో బతుకుతున్నారు. మన ఇసుక నేలలో సరుగుడు నాలుగైదేళ్లకే కోతకు వస్తుంది. పక్కనే విశాఖ ఓడరేవు ఉంది. ఇంకేం కావాలి?

టెక్కలి మాస్టారు:
ఆ అంకెలు సరైనవే, కానీ అవి ఎందుకు పెరిగాయో కూడా చెప్పాలి కదా! కొరియాలో 2012 నుంచి పెద్ద విద్యుత్ సంస్థలు తమ ఉత్పత్తిలో కొంత వాటా పునరుత్పాదక ఇంధనంతో చూపాలి. పెల్లెట్లు కలిపి కాల్చినా ఆ వాటా కింద సర్టిఫికెట్లు వచ్చేవి. కొనుగోళ్లు పెరిగింది అందుకే. 2024 డిసెంబరులో అదే ప్రభుత్వం చేతులెత్తేసింది. కొత్త కేంద్రాలకు సర్టిఫికెట్లు ఇవ్వబోమంది. ప్రభుత్వ రంగ బొగ్గు కేంద్రాల్లో విదేశీ పెల్లెట్లు కలిపి కాల్చడానికి ఇచ్చే మద్దతును 2025 జనవరి నుంచి ఆపేసింది. ఈరోజు నాటిన మొక్క కోతకు వచ్చేసరికి సియోల్‌లో ఏ ఉత్తర్వు ఉంటుందో మన దళారికి తెలుసా?

ఇంకొక సంగతి. వియత్నాం పెల్లెట్లలో చాలా భాగం కలప సామాను పరిశ్రమ వదిలేసిన పొట్టు, ముక్కల నుంచే వస్తుంది. అక్కడ ముడిసరుకు చౌక. మనం నిలువు కర్రను నరికి, ఆరబెట్టి, పొడి చేసి, అదిమి పంపాలి. కొనేవాడు తేమ, బూడిద, క్లోరిన్ పరీక్ష చేయిస్తాడు. క్లోరిన్ ఎక్కువైతే బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. ఉప్పుగాలి తగిలే తీరపు తోట కర్ర ఆ పరీక్ష నెగ్గుతుందో లేదో నాటకముందే చూసుకోవాలి.

ఉద్దానం ఆడపడుచు:
మాస్టారు గారి మాటకు మరొకటి కలుపుతాను. ఆ కర్ర కాల్చిన దేశం పొగగొట్టం దగ్గర వచ్చే కార్బన్‌ను తన ఇంధన లెక్కలో సున్నాగా చూపుకుంటుంది. చెట్టు నరికిన దేశం లెక్కలో అది పడుతుంది. పొగ వాళ్లది, పద్దు మనది. ఇది న్యాయమా?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడిమామిడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. కూలిన చెట్లను తీయించడానికి మేమే ఎదురు డబ్బు ఇచ్చుకున్నాం. అంత కర్ర ఒక్కసారిగా పడితే అడితి వాళ్లు పెట్టిందే ధర. తుపాను ఏటా గుర్తుచేసే తీరంలో ఒకే చెట్టును, ఒకే కొనుగోలుదారును నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పలేను.

భోగాపురం తీరం:
అమ్మా, తుపాను భయం నాకూ ఉంది. అందుకే మొత్తం పొలం వేయమనను. కానీ మన దేశంలోనే బొగ్గు కేంద్రాలు పెల్లెట్లు కలపాలనే నిబంధన ఉంది కదా. పరవాడలో సింహాద్రి కేంద్రం మనకు దగ్గరే.

టెక్కలి మాస్టారు:
ఉంది నాయనా, కానీ ఆ నిబంధన పంట వ్యర్థాల కోసం తెచ్చింది. గడ్డి, పత్తి కట్టె, వేరుశనగ పొట్టు లాంటివి. వేరుశనగ పెకిలించి సరుగుడు నాటితే ఆ పొట్టు కూడా చేజారిపోతుంది!

పూసపాటిరేగ రైతు:
నాకు ఇప్పుడు అడగవలసింది తెలిసింది. ఆ దళారి వచ్చే వారం మళ్లీ వస్తానన్నాడు. కోత నాటి కనీస ధర కాగితం మీద రాసి, కొనే సంస్థ చేత సంతకం పెట్టించమంటాను. అలా ఇస్తే గట్టు వెంట రెండు వరుసలు వేస్తాను. ఇవ్వకపోతే ఈసారి కూడా వేరుశనగే.