ఉగాది వేడుక: తారామండలం గుడారం పనులు

హాలు బాధ్యత: స్కూలు జిమ్‌లో వేసే ఈ గుడారంలో గాలి నింపి, లోపల ఆకాశం చూపిస్తాం. అడ్డం 5 మీటర్లు, ఎత్తు 11 అడుగులు. 20 × 20 అడుగుల చోటు, సొరంగం ద్వారానికి మరో 8 అడుగులు కావాలి. బాస్కెట్‌బాల్ రింగు కింద మాత్రం వేయొద్దు. నేల ఊడ్చాకే టార్పాలిన్ పరవండి. స్టేప్లర్ పిన్ను ఒక్కటి చాలు, గుడ్డ చిరగడానికి.

గాలి నింపే ఫ్యాను, అంటే బ్లోయర్, ఆగితే గుడారం కుంగిపోతుంది కాబట్టి దానికి వేరే కరెంటు లైను ఉండాల్సిందే. జిమ్‌లో ప్లగ్గులు 120 వోల్టులు, 15 ఆంపులవి. గంటల తరబడి నడిచే వాటికి 12 ఆంపులు దాటనీయకూడదు. ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ మీదుందో ముందురోజే చూసి టేపు అంటిస్తే మంచిది.

వంటల కమిటీ: కాఫీ కాచే పెద్ద పాత్ర (అర్న్) ఒక్కటే 1500 వాట్లు అన్నా. మేం కెఫెటీరియా లైన్లకు మారిపోతాం. మీ బ్లోయర్ మూతి మావైపు తిప్పకండి, పోపు ఘాటంతా పిల్లల మీదికే పోతుంది.

ద్వారం బాధ్యత: ఆటకు 25 మంది. చూపేది 20 నిమిషాలు, మార్పిడికి 10. మూడు గంటల్లో 6 ఆటలు, 150 మంది. బయటికి అయిదుగురి చొప్పునే పంపుదాం. అందరూ ఒక్కసారి లేస్తే తలుపు తెరిచే ఉండి గాలంతా పోతుంది, గుడ్డ నెత్తిన వాలుతుంది. కరెంటు పోతే సొరంగం వైపు తోసుకోవద్దు, గుడారం అంచు ఎత్తి పిల్లల్ని బయటికి తీయాలి. అందుకు చుట్టూ నలుగురు పెద్దలు కావాలి. బూట్లు బయటే, ముఖ్యంగా అడుగేస్తే మిణుకుమనేవి! స్మార్ట్ వాచీలూ అంతే.

ప్రొజెక్టర్ బాధ్యత: ప్రొజెక్టర్ వెలుగును గుడారమంతా పరిచే కుంభాకార అద్దం గుడారం అంచున పెడుతున్నాం, మధ్య చోటంతా పిల్లలకే. మెరిసే పూత అద్దం పైముఖానే ఉండాలి. వెనక ఉంటే ఒక్కో చుక్క రెండుగా కనిపిస్తుంది. వేలిముద్ర పడితే ఆకాశంలో మరకే, ముట్టుకోకండి. ఆకాశం చూపే సాఫ్ట్‌వేర్ స్టెల్లేరియంలో గోళాకార అద్దం సవరణ ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేయడం మరవద్దు.

ఆకాశం చెప్పేవారు: మొదట డాలస్ రాత్రి 9 గంటలు. ధ్రువ నక్షత్రం 33 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చేయి చాచి పిడికిలి పడితే దాదాపు 10 డిగ్రీలు కదా, మూడు పిడికిళ్లు లెక్కపెట్టిద్దాం. తర్వాత స్టెల్లేరియంలో ఎఫ్6 నొక్కి ఊరు హైదరాబాద్‌కి మారుద్దాం: అక్కడ 17 డిగ్రీలే, రెండు పిడికిళ్లు కూడా నిండవు. దక్షిణాన అగస్త్య నక్షత్రం డాలస్‌లో 5 డిగ్రీలు దాటదు, హైదరాబాద్‌లో 20 దాకా లేస్తుంది.

జాగ్రత్త ఒకటే. ఊరు మార్చినా క్షణం మారదు, అక్కడ మర్నాడు ఉదయం 7:30 అవుతుంది. సూర్యుడు భగ్గుమని వచ్చి గుడారమంతా తెల్లారిపోతుంది, చీకటికి అలవాటుపడిన కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ముందు ‘ఎ’ నొక్కి పగటి వెలుగు చూపే వాతావరణ పొర తీసేసి, ఎఫ్5లో సమయం రాత్రి 8కి మార్చాలి. ఆకాశాన్ని గిర్రున తిప్పొద్దు, కడుపులో తిప్పేది చిన్నపిల్లలకే.

హాలు బాధ్యత: గుడ్డ మీద మంట తేలిగ్గా పాకదని ఎన్‌ఎఫ్‌పీఏ 701 (గుడ్డల మంట పరీక్ష ప్రమాణం) పత్రం స్కూలుకు చూపాలి. అద్దెకిచ్చేవాళ్లను ఈరోజే అడుగుతున్నా.