అప్‌డేట్: గెట్టు పంచాయితీలో నేను పెట్టిన పాప్‌కార్న్ జిఫ్

పోయిన వారం మిమ్మల్ని అడిగిన సంగతి ఇది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో బత్తాయి తోట గెట్టు గురించి పెద్దనాయన, చిన్నాయన ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో మాటా మాటా అనుకుంటుంటే, నేను మధ్యలో మైకేల్ జాక్సన్ పాప్‌కార్న్ తినే జిఫ్ (గొడవను తమాషాగా చూస్తున్నానని చెప్పే కదిలే బొమ్మ) పెట్టాను. పెద్దనాయన గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. తప్పు నాదేనా అని అడిగాను.

నాదే. ఆదివారం ఊరికి పోయాను. పెద్దనాయన వాకిట్లో మంచం మీద కూర్చుని, మూల పగిలిన ఫోన్ నా ముందు పెట్టారు. అందులో ఆ జిఫ్ అట్లే ఆడుతోంది.

"మా కొట్లాట నీకు సినిమా లెక్క కనబడ్డదారా?"

నోట మాట రాలేదు. కాళ్ల దగ్గర కూర్చుని తప్పైందని చెప్పాను.

ఆ జిఫ్ 1983లో వచ్చిన 'థ్రిల్లర్' వీడియోలోది. సినిమా హాల్లో పక్కనున్న అమ్మాయి భయపడిపోతుంటే జాక్సన్ మాత్రం నవ్వుతూ పాప్‌కార్న్ నములుతుంటాడు. వందల సార్లు పంపాను కానీ ఆ అమ్మాయి ముఖం ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో ఆ సీట్లో ఉన్నది పెద్దమ్మ. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. ఫ్రెండ్స్ గ్రూప్‌లో క్రికెట్ గొడవలకు ఆ జిఫ్ బాగుంటుంది, ఇప్పటికీ పంపుతాను. భూమి పంచాయితీకి మాత్రం వద్దు.

గెట్టు ఇంకా తేలలేదు, సర్వే కోసం దరఖాస్తు పెట్టారు. పెద్దనాయన గ్రూప్‌లోకి మళ్లీ వచ్చారు. నేను బయల్దేరేటప్పుడు సంచి నిండా బత్తాయిలు కట్టించి, సగం చిన్నాయన ఇంట్లో ఇచ్చిపొమ్మన్నారు. ఇచ్చే వచ్చాను.