రేసుకు పది రోజులు: ఉన్న డబ్బు కొత్త టైర్లకా, గురువారం ప్రాక్టీసుకా?

బొలెరో కడప:
అందరికీ నమస్తే. మాది కడపలో ఏడురోడ్ల దగ్గర చిన్న షెడ్డు. పేరుకు టీమే గానీ ఉన్నది ముగ్గురం. నేను, స్పానర్లు అందించే పిల్లోడు, బండి తోలే మా చిన్నాన్న కొడుకు. 165 సీసీ బైకుల స్టాక్ క్లాసు, అంటే కంపెనీ బండిని పెద్దగా మార్చకుండా తోలేది. ఇంకో పది రోజుల్లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మా రెండో రేసు. శుక్రవారం క్వాలిఫయింగ్ (ఎవరు ఏ వరుసలో నిలబడాలో తేల్చేది), శని, ఆదివారాల్లో ఆరేసి ల్యాపుల రేసులు.

ఇంజన్ పని అయిపోయింది. వాల్వ్ క్లియరెన్స్ చూశాను, క్లచ్ ప్లేట్లు మార్చాను, చైను కొత్తది వేశాను. ఇక చేతిలో 22,000 మిగిలింది. దాంతో ఒక జత కొత్త సాఫ్ట్ (మెత్తటి రబ్బరు) టైర్లన్నా కొనాలి, లేదంటే ఒకరోజు ముందే పోయి గురువారం ప్రాక్టీసుకన్నా కట్టాలి. పెట్రోలు, లాడ్జి కలుపుకుంటే రెండూ కుదరవు. ఇప్పుడు బండికున్న టైర్లు పోయిన రేసులో వాడినవే, గాడి సగానికి పైనే ఉంది. పోయినసారి మావాడు ముందు గుంపుకు ల్యాపుకు మూడు సెకన్లు వెనకబడ్డాడు. నేను టైర్లంటున్నా, వాడు ప్రాక్టీసంటున్నాడు. రెండు రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. మీరే చెప్పండి.

అనంత165:
టైర్లే అన్నా, ఇందులో ఆలోచించడానికి ఏముంది? గాడి చూసి మోసపోవద్దు. సాఫ్ట్ టైరు అరిగిపోకముందే చచ్చిపోతుంది. బాగా వేడెక్కి మళ్లీ చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, వాలినప్పుడు పట్టు మాత్రం ఉండదు. పోయినసారి ప్రాక్టీసు, క్వాలిఫయింగ్, రెండు రేసులు అన్నీ దానిమీదే తిరిగారు కదా. ఇంకేం మిగిలి ఉంటుంది?

ప్లగ్ స్పానర్:
ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నా. కొత్త టైర్లు వేస్తే మూడు సెకన్లు తగ్గుతాయనుకోవడం, కొత్త పలక కొనిస్తే పిల్లోడికి ఎక్కాలు వచ్చేస్తాయనుకున్నట్టు ఉంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఆ ట్రాకు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మూడు సెకన్లను పన్నెండుతో భాగిస్తే మలుపుకు పావు సెకను. గంటకు వంద వేగంలో పావు సెకనంటే ఏడు మీటర్లు. అంటే మీవాడు ప్రతి మలుపులోనూ ఏడు మీటర్లు వదులుకుంటున్నాడు. అది రబ్బరు తప్పు కాదు. బ్రేకు ఎక్కడ పట్టాలో, గ్యాసు (యాక్సిలరేటర్) ఎక్కడ తెరవాలో ఇంకా తెలియలేదంతే. తెలియాలంటే తిరగాలి. ఒకే ఒక్క రేసు ఆడిన కుర్రాడు ఆ ట్రాక్‌లో మొత్తం ఎన్ని ల్యాపులు తిరిగి ఉంటాడు?

కర్నూలు కిక్కర్:
ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటారప్పా! టైర్లు కొనేయండి. ప్రాక్టీసు తెల్లారి ఐదింటికి గువ్వలచెరువు ఘాట్‌లో చేసుకోండి. మలుపులకు మలుపులు, పైసా ఖర్చు లేదు. అయిపోయాక పాలకోవా.

పెన్నా గట్టు:
పాలకోవా వరకు ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. ఆ ఘాట్ జాతీయ రహదారి. కర్నూలు నుంచి చిత్తూరు దాకా పోయే లారీలన్నీ అక్కడే దిగుతాయి. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీ మలుపు అవతల ఉందో లేదో ఎవడికి తెలుసు? రేసు బండికి హెడ్‌లైటు ఉండదు, అద్దాలు ఉండవు. అసలు దాన్ని రోడ్డు మీదికి తేవడమే తప్పు.

ప్రాణం సంగతి అటుంచినా, పని నేర్చుకునే లెక్కలో చూసినా అది చెడగొట్టేదే. ట్రాక్‌లో రోడ్డు వెడల్పంతా మనదే. బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచు తాకి, మళ్లీ బయటి అంచుకు పోతాం. ఘాట్‌లో సగం రోడ్డే మనది. అక్కడ అలవాటైన లైను ట్రాక్‌లో పెడితే ఇంకో రెండు సెకన్లు పోతాయి. ఇట్లాంటి సలహాల వల్లే మన ఊళ్లలో రేసు అంటే ఇంట్లో చెప్పుకోలేని పని అయ్యింది.

కర్నూలు కిక్కర్:
లారీల కింద పడమని నేనెవరికీ చెప్పలేదు. నేను చాలాసార్లు పోయాను, ఏమీ కాలేదు. పెద్ద మాటలు చెప్పడం సులభం సామీ. ట్రాకు మన జిల్లాలో ఉంటే ఘాట్‌కు ఎవడు పోతాడు? చెన్నై పోవాలి, కాదంటే కోయంబత్తూరు, అదీ కాదంటే ఢిల్లీ పక్కన నోయిడా. కర్నూలు నుంచి చెన్నై నాకు ఒక రాత్రంతా ప్రయాణం. బండి ఎక్కించుకొని పోయి వచ్చేసరికి నెల జీతం అయిపోతుంది.

పెన్నా గట్టు:
దూరం గురించి నువ్వు చెప్పింది నిజమే తమ్ముడూ. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏమీ కాలేదన్న మాట మాత్రం అయ్యేదాకే చెల్లుతుంది.

బొలెరో కడప:
ఘాట్ సంగతి ఇంతటితో ఆపుదాం. మావాడి చెవిన పడితే రేపే బయలుదేరుతాడు.

సాగర్ అభిమాని:
ఊరు అనంతపురమే, పని హైదరాబాద్‌లో. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగినప్పుడు పోయి చూశాను. మరుసటి ఏడాది రద్దయింది, అది వేరే బాధ. ఆ ట్రాకు అందరికీ కొత్తదే, ఒక్క డ్రైవరూ అంతకుముందు అక్కడ రేసు ఆడలేదు. సిమ్యులేటర్లలో తిరిగి తిరిగి మలుపులు బట్టీ పట్టి వచ్చారు. టైర్లు అందరికీ ఒకటే, హాంకుక్ వాళ్లవి. అలాంటప్పుడు తేడా ఎక్కడ వచ్చింది? గెలిచిన వెర్న్ చివరి ల్యాపుల్లో బ్యాటరీ మిగుల్చుకుంటూ వెనకే వస్తున్న కాసిడీని ఆపుకుంటూ వచ్చాడు. జాగ్వార్ జట్టుకు రెండు మంచి కార్లున్నాయి. ఒకదాన్నొకటి గుద్దుకొని రెండూ బయటికి పోయాయి. అంత పెద్ద కంపెనీ! కాబట్టి బండి మీద కాదు, తోలేవాడి మీద ఖర్చు పెట్టండి.

అనంత165:
అన్నా, మీరు నా మాటే చెప్పి నన్నే ఓడించాలని చూస్తున్నారు. టైర్లు అందరికీ ఒకటైనప్పుడే తోలేవాడి తేడా తెలుస్తుంది. ఇక్కడ ముందు గుంపు కొత్త సాఫ్ట్ టైర్లతో వస్తుంది, కడపవాళ్లు పాతవాటితో పోతారు. పైగా పట్టులేని టైరు మీద ప్రాక్టీసు చేస్తే కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? జారుతుందేమోనని ఇంకాస్త ముందే బ్రేకు పట్టడం నేర్చుకుంటాడు. ప్లగ్ స్పానరన్న చెప్పిన ఆ ఏడు మీటర్లు అక్కడి నుంచే వస్తున్నాయని నా అనుమానం.

ప్లగ్ స్పానర్:
ఈ మాటలో బలం ఉంది, కాదనను. అయినా గురువారమంటే తోలేవాడికి మాత్రమే అనుకోకండి, అది మెకానిక్‌కు కూడా. నా సొంత కథ చెబుతా.

మొదటిసారి ఒక కుర్రాడితో అదే ట్రాక్‌కు పోయినప్పుడు శుక్రవారం పొద్దునే దిగాం. బండి స్క్రూటినీకి (రేసుకు ముందు చేసే తనిఖీ) తీసుకుపోతే ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు లాక్‌వైరు, అంటే బోల్టు ఊడకుండా కట్టే తీగ, లేదన్నారు. నిజమే, లేదు. తప్పు నాదే, షెడ్డులో బిగించాను గానీ వైరు కట్టడం మరిచిపోయాను. రేడియేటర్‌లో ఉన్న పచ్చ కూలెంట్ కూడా తీసేయమన్నారు. అది ట్రాక్ మీద ఒలికితే నూనె లెక్క జారుతుంది, అందుకే ఉత్త నీళ్లే పోయాలి. వైరు పక్క టీము వాళ్లను అడుక్కున్నాం, కూలెంట్ దింపి మూడుసార్లు కడిగాం. అది తెమిలేలోపల మొదటి సెషన్ అయిపోయింది. రెండో సెషన్లో చూస్తే స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి దారి) సగంలోనే ఇంజన్ లిమిటర్ కొడుతోంది, అంటే ఇంజన్ ఇంక అంతకన్నా వేగంగా తిరగదు. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేకి సరిపోయిన స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) అదే వేసుకొని పోయాం మరి. అది చిన్న ట్రాకు, ఇక్కడ పొడవు ఎక్కువ. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచితే చాలు, వెనక దాదాపు మూడు పళ్లు తగ్గించినట్టే. సంచిలో ఆ పన్ను ఎక్కువ ఉన్న స్ప్రాకెట్ లేదు. క్వాలిఫయింగ్‌లో చివరి వరుస.

ఇవన్నీ గురువారం తెలిస్తే రాత్రికి రాత్రి సరిచేసుకోవచ్చు. శుక్రవారం తెలిస్తే ఏడుపే.

గాలి సంగతి కూడా చూసుకోండి. కడపలో పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టిన గాలి అక్కడ మధ్యాహ్నం ఎండలో అంతే ఉండదు. పది డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. సెషన్ నుంచి రాగానే వేడి మీద కొలవాలి. పాత టైరుకైనా గాలి సరిగ్గా కుదిరితే మనం అనుకున్నదానికన్నా ఎక్కువే పలుకుతుంది.

పెన్నా గట్టు:
నీళ్ల బాటిళ్లకు కూడా ఆ 22,000లోంచే తీసి పెట్టండి. నవ్వులాటకు అనడం లేదు. 2023 సెప్టెంబరులో నోయిడాలో మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైకు రేసు జరిగినప్పుడు ఎండకు భయపడి రేసును 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించారు. అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హే మార్టిన్ బండి దిగి కూలబడ్డాడు. వెంట డాక్టర్లుండే మనుషుల పరిస్థితే అది. మనకు కడప ఎండ అలవాటే అంటారేమో. కడప ఎండలో చెమట ఆరుతుంది, చెన్నై ఉక్కలో ఆరదు. లెదర్ సూట్ లోపల అయితే చెప్పే పనే లేదు. గురువారం కూడా తిరిగితే ఆదివారానికి ఒంట్లో ఏమైనా మిగులుతుందా అన్నది ఎవరూ అడగలేదు.

సాగర్ అభిమాని:
ఆరు ల్యాపులే కదా పెద్దాయనా. 22 కిలోమీటర్లు. కడప నుంచి చెన్నూరు పోయి వచ్చినంత.

పెన్నా గట్టు:
చెన్నూరు పోయేటప్పుడు ట్యాంకు మీద బోర్లా పడుకొని, మలుపు మలుపుకూ మోకాలు నేలకు ఆనించి పో. వచ్చాక మాట్లాడదాం.

బొలెరో కడప:
నిన్న రాత్రి షెడ్డులో మావాడు, నేను కూర్చుని పోయిన రేసు వీడియో చూశాం. ట్యాంకు మీద పెట్టిన కెమెరాది. ఇన్ని రోజులూ దాన్ని సరదాగా చూశామే తప్ప ఇట్లా ఆపి ఆపి చూడలేదు. స్ట్రెయిట్ తర్వాత వచ్చే సీ-వన్ మలుపులో ముందు బండ్ల శబ్దం తగ్గదు. మావాడిది ప్రతి ల్యాపులోనూ తగ్గుతుంది, అంటే అక్కడ గ్యాసు వదిలేస్తున్నాడు. మొదటి రోజు ప్రాక్టీసులోనూ అంతే, అప్పుడు టైర్లు కొత్తవి. వాడే అన్నాడు, "టైరు జారి కాదన్నా, అక్కడ నాకు భయం" అని. ఆ మాట వాడు ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. నేనూ అడగలేదనుకోండి.

కాబట్టి గురువారానికే కడుతున్నాం. టైర్లు పాతవే.

అనంత165:
సరే అన్నా, మీ డబ్బు, మీ బండి. నా మాట మీద నేనే ఉన్నా. ఆదివారం రేసులో నాలుగో ల్యాపు తర్వాత వెనక టైరు ఎట్ల ఉందో వాడినే అడిగి ఇక్కడ రాయండి. ల్యాప్ టైములు కూడా పెట్టండి, దాచొద్దు.

బొలెరో కడప:
పెడతాను. ప్లగ్ స్పానరన్నా, ముందుకు ఒక పన్ను ఎక్కువ, ఒక పన్ను తక్కువ, రెండు స్ప్రాకెట్లూ తీసుకుంటున్నా. లాక్‌వైరు చుట్ట కూడా. బుధవారం సాయంత్రం కడపలో బయలుదేరి రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా పోతున్నాం. బొలెరో వెనక ఇంకో బండికి చోటుంది. డీజిల్ సగం పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కర్నూలు తమ్ముడూ, ముందు నిన్నే అడుగుతున్నా.

కర్నూలు కిక్కర్:
బండి కడప దాకా నేను తెస్తా అన్నా. బుధవారం ఎన్నింటికి?