సమస్య: వానజల్లులె మేఘుని వధ యొనర్చె

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదే, దీనితో ముగిసేలా పద్యం పూరించాలి. వానే మబ్బును చంపిందంటే ఆ హత్య ఎలా జరిగిందో చూపాలి. పురాణాల్లోకి పారిపోకండి, నేల మీద పుట్టిన ఉరుముల మబ్బే కావాలి.

పాలమూరు పాంథుడు:
ఎండఁ గాగిన నేలపైన నెగసె నావి
కొండవలె మబ్బు పైకెక్కి కురిసె, నంత
చల్లగాలులు దిగివచ్చి సత్తు వుడుగ
వానజల్లులె మేఘుని వధ యొనర్చె

కోనసీమ కవి: "సత్తు వుడుగ" అద్భుతం. కానీ "నేలపైన" ఏమిటండీ? ఒక లఘువు (పొట్టి అక్షరం) ఎక్కువ. "నేలపై" చాలు. ఇంకోటి, చల్లగాలి ఎందుకు దిగింది? చినుకులు గాలిని కిందికి ఈడుస్తాయి, దారిలో కొంత ఆవిరై దాన్ని చల్లబరుస్తాయి. ఆ బరువైన గాలి నేల మీద పరుచుకుని, మబ్బుకు అందే వెచ్చని తేమగాలిని తెగ్గొడుతుంది. అసలు హత్య అదీ.

పాలమూరు పాంథుడు: "నేలపై" తీసుకుంటాను. కారణమంతా తేటగీతిలో పట్టదు. పోయినసారి మీరు దూదిపింజ మబ్బు నుంచి వడగళ్లు కురిపించారు! అవి పెరగాలంటే పైకి లేచే గాలి బలంగా మోయాలి కదా?

కోనసీమ కవి: అక్కడ దూదిపింజ రంగుకే, ఎత్తుకు కాదు.

ఖరగ్‌పూర్ వాసి: ఇక్కడి కాలబైశాఖి (వేసవిలో వచ్చే ఉరుముల గాలివాన) మీద నా పూరణ.
చచ్చునప్పుడు మేఘుడు చల్లగాలి
ముందునకుఁ బంపి వేరొక్క మొలకమబ్బు
నెత్తి నిల్పెను, జనులార! యెట్టు లంద్రు
"వానజల్లులె మేఘుని వధ యొనర్చె"?

మార్చి నుంచి మే దాకా ఛోటానాగపూర్ పీఠభూమి వైపు మధ్యాహ్నం లేచిన మబ్బుల వరుస సాయంత్రానికి కలకత్తా చేరుతుంది. ఒక్కో మబ్బు గంటలోపే పోయినా వరుస గంటల తరబడి నడుస్తుంది.

కోనసీమ కవి: "మబ్బు నెత్తి", "యెట్టు" స్వరయతి (అచ్చుల పొత్తు) చక్కగా కుదిరింది. పాంథుడుగారు గమనించాలి.

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పేశారు! 1946-47లో ఫ్లోరిడా, ఒహాయోల్లో మబ్బుల్లోకి విమానాలు నడిపించి వాతావరణ శాస్త్రజ్ఞులు బయర్స్, బ్రాహమ్‌ల బృందం తేల్చిన ఉరుముల మబ్బు బతుకులోని మూడు దశల్లో చివరిదాన్ని, అంటే చావును, పాంథుడు పట్టారు. ఖరగ్‌పూర్ వారి పద్యం ఆ చావు తరవాతి కథ. నా ఓటు దీనికే.

పాలమూరు పాంథుడు: ఓటు సరే. చల్లగాలి ఒక్కటే ఉంటే వరుస అంతసేపు బతకదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి వేగం, దిశ మారాలి. అప్పుడే వాన పక్కకి పడి, పైకి లేచే గాలికి దారి మిగులుతుంది. ఆ తేడా లేని రోజు మా మబ్బు పుట్టిన ఊళ్లోనే కురిసి పోతుంది. నా పద్యం ఆ ఒంటరి మబ్బుది.

ఖరగ్‌పూర్ వాసి: న్యాయమైన మాట. ఆ గాలి తేడాను మూడో పాదంలో ఇమిడ్చి ఇంకో పూరణ రాత్రికి పెడతాను.