బారాత్ గుర్రాన్ని తారు రోడ్డు మీద ఎగిరిస్తే కాళ్లకు దెబ్బ కాదా?

గుడిమల్కాపూర్ గోపి: నిన్న రాత్రి మెహిదీపట్నంలో ఒక బారాత్ ఎదురైంది. బ్యాండ్ మోగినంతసేపూ గుర్రాన్ని ఒకే చోట ఎగిరించారు. గుర్రం నిలబడేది కాలికి ఒకే ఒక్క వేలి మీద, మన మధ్యవేలు అనుకోండి. దానికి తారు రోడ్డు దెబ్బ తగలదా?

నాల్‌బంద్ మనవడు: గిట్ట అంటే గోరే అన్నా. గోరు కత్తిరిస్తే నీకు నొప్పి పుడుతుందా? లాడం మేకులు దిగేది కూడా ఆ గోట్లోకే. ఆరేడు వారాలకోసారి లాడం ఊడదీసి, పెరిగిన గిట్ట చెక్కి మళ్లీ కొడతాం. గుర్రం గమ్మున నిలబడుతుంది.

జూపార్క్ రెగ్యులర్: ఏనుగుకూ గోళ్లున్నాయి కదా. దాని గురించి ఎవరూ అడగరేం?

గుడిమల్కాపూర్ గోపి: ఏనుగు లెక్క వేరు. లోపల ఐదు వేళ్లు, వాటి వెనక మడమ కింద మందపాటి కొవ్వు దిండు. బరువు అరికాలంతా పరుచుకుంటుంది. గుర్రానికి ఆ దిండు చిన్నది, మోకాలి కింద కండ దాదాపు లేదు. గిట్ట పెంకుకు నొప్పి తెలియదు, సరే. దాని లోపల నెత్తురు, నరాలు ఉన్న పొరలుంటాయి. వేలి చివరి ఎముక ఆ పొరలను పట్టుకునే వేలాడుతుంది. అక్కడ వాపు వస్తే గుర్రం ముందు కాళ్లు చాపి, వెనక్కి వాలి నిలబడుతుంది.

నాల్‌బంద్ మనవడు: ఏ మోకాలు? వెనక కాలికి నువ్వు మోకాలంటున్నది చీలమండ. ముందు కాలిది మణికట్టు. వెనక కాలి అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. అది తెలియకుండా పాఠాలా?

గుడిమల్కాపూర్ గోపి: ఏ కీలైనా కానీయండి, దాని కింద కండ ఉందా లేదా?

నాల్‌బంద్ మనవడు: ముందు మోకాలి సంగతి తేల్చు.

బర్రెలోళ్ల బిడ్డ: మా బర్రె సిమెంటు గచ్చు మీదే కుంటిదైంది. పేడ, ఉచ్చ తడికి గిట్ట నాని, గచ్చుకు అరిగి, అడుగున పుండు పడింది. వచ్చిన డాక్టరు సూది వేసి డబ్బులు తీసుకున్నాడు, కాలెత్తి చూడనే లేదు. బర్రెకు కాలికి రెండు గిట్టలు కాబట్టి రెండోదాని మీద బరువేసి నెట్టుకొచ్చింది. గుర్రానికి ఆ వీలెక్కడిది?

ఇరానీ చాయ్: ముందు ఆ డీజే ఆపించండి. కాళ్లకంటే ముందు చెవులు పోతాయి దానికి.

గుడిమల్కాపూర్ గోపి: నడిపించడాన్ని నేను తప్పుపట్టలేదు. గుర్రం బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే ఉంటుంది. ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ బరువంతా ఇనప లాడం మీదుగా ఎముకలకు కొడుతుంది. పైగా లాడం తారు మీద జారుతుంది.

నాల్‌బంద్ మనవడు: సూటిగా చెప్పు, బారాత్ గుర్రాలు బంద్ కావాలా నీకు? మా తాత కాలం నుంచి ఇదే పని. పెళ్లిళ్లు లేకపోతే దాణా ఎవరు పెడతారు, నువ్వా? పందెంలో గుర్రం కాలు విరిగితే మాత్రం టికెట్ కొని చూస్తారు.

గుడిమల్కాపూర్ గోపి: బంద్ అనలేదు. ఎగిరించొద్దు అన్నాను.

నాల్‌బంద్ మనవడు: ఎగరని గుర్రానికి పెళ్లోళ్లు పైసలియ్యరు.

గుడిమల్కాపూర్ గోపి: అంటే దెబ్బ తగులుతుందని తెలిసే చేస్తున్నారన్నమాట.

నాల్‌బంద్ మనవడు: తెలియకనా? అర్ధరాత్రి ఇంటికొచ్చాక గిట్ట మీద చెయ్యి పెట్టి, వేడెక్కిందా అని చూసేది నేను. నువ్వు కాదు. నీ నీతులు పెళ్లికొడుకు బాబాయికి చెప్పు, నోట్లు ఊపుతూ ఇంకా ఎగిరించమనేది ఆయనే.

జూపార్క్ రెగ్యులర్: ఏనుగుకు ముందు కాళ్లకు ఐదు గోళ్లు, వెనక నాలుగు కనిపిస్తాయి. లోపల ఐదు వేళ్లుంటే ఐదో గోరేమైంది? ఎవరూ చెప్పలేదు.

బర్రెలోళ్ల బిడ్డ: నాల్‌బంద్ అన్నా, బర్రె గిట్టలు కూడా చెక్కుతారా?

నాల్‌బంద్ మనవడు: ఎడ్లకు కాలికి రెండు బిళ్లలు కొట్టిన ఇల్లు మాది. ఎక్కడుంటావో మెసేజ్ పెట్టు. గచ్చు మీద మాత్రం గడ్డి పరిచి పెట్టు.