అప్‌డేట్: ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) డబ్బును షేర్ల నుంచి తీయాలా?

అమలాపురం దగ్గర తపాలా శాఖలో పనిచేస్తున్నాను, వయసు 56, కొత్తగా వచ్చిన యూపీఎస్‌కు (ఏకీకృత పింఛను పథకానికి) మారలేదు. మార్కెట్ పడిపోతోంది, ఎన్‌పీఎస్ సొమ్మంతా ప్రభుత్వ బాండ్లలోకి మార్చేయాలా అని అడిగాను. సలహా చెప్పిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మార్చలేదు. మీలో ఒకరు చెప్పినట్టు ఖాతా తెరిచి, ఏ పథకంలో ఎంత ఉందో చూశాను. నాది ఎల్‌సీ-50, అంటే వయసు పెరిగేకొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గే పథకం. అందులో 35 ఏళ్ల వరకు షేర్ల వాటా 50 శాతం, ఆ తర్వాత ఏటా తగ్గుతూ 55 నాటికి 10 శాతానికి దిగుతుంది. అంటే లక్షకు పది వేలే షేర్లలో ఉన్నాయి. మార్కెట్ ఇంకో 20 శాతం పడినా లక్షకు పోయేది రెండు వేలు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాకే మా ఆవిడకూ నిద్ర పట్టింది. 2020 మార్చిలో కుప్పకూలిన సెన్సెక్స్ అదే ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. ప్రతిసారీ అంత త్వరగా కోలుకుంటుందని నేననను. కానీ రిటైరవడానికి నాకింకా నాలుగేళ్లుంది.

రిటైరయ్యాక ఎన్‌పీఎస్ సొమ్ములో మన చేతికొచ్చే అరవై శాతం ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన లేదు, 85 ఏళ్ల వరకు విడతలుగా తీసుకోవచ్చు. ఇది తెలియక మా తోటివాళ్లు ఎంతో మంది హడావుడి పడుతున్నారు, దయచేసి చెప్పండి. గ్రాట్యుటీ మాత్రం సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేస్తాను.

మిగతా 40 శాతానికి, నా తర్వాత మా ఆవిడకు పింఛను వచ్చి, ఆపైన అసలు సొమ్ము పిల్లలకు చేరే యాన్యుటీ (జీవితాంతం పింఛను ఇచ్చే బీమా పథకం) తీసుకుంటాను, నెలకు కాస్త తక్కువ వచ్చినా సరే.