ఉమ్మడి కాలువ నీటి తగవు: నిలిచే రాజీ ఎలా కుదురుతుంది?

గట్టుమీద:
మా కాలువ మీద ఎగువ రైతులకూ, చివరి పొలాలున్న మాకూ మధ్య మూడేళ్లుగా తగవు నడుస్తోంది. అధికారులు రెండుసార్లు రాజీ కుదిర్చారు. రెండుసార్లూ సంతకాల తడి ఆరకముందే అది చెడింది. ఎగువవారు రాత్రిపూట నీళ్లు మళ్లిస్తున్నారని మా ఆరోపణ. పూడిక తీయడానికి మేము ఏనాడూ రాలేదని వారి ఆరోపణ. రెండింటిలోనూ నిజముంది. ఇటువంటి తగవు తీరిన చోట ఏం చేశారో తెలిసినవారు చెప్పగలరు.

తూముకాపు:
నేను పదకొండేళ్లు ఒక నీటి సంఘంలో పనిచేశాను. మా గొడవకు నీటి కొరత ఎంత కారణమో, ఎవరికి ఎంత నీరు అందుతోందో ఎవరికీ కనిపించకపోవడం అంతకంటే పెద్ద కారణం. అందుచేత తూము దగ్గర రాతి మీద కొలత గీతలు గీయించి, వంతుల పట్టికను గంటలతో సహా గోడ మీద రాయించాము. వంతు ముగిసే రైతు, వంతు మొదలయ్యే రైతు ఇద్దరూ ఆ సమయానికి తూము దగ్గర ఉండాలన్నాము. తన వంతు కోసం కాచుకుని ఉన్నవాడిని మించిన కాపలాదారు దొరకడు.

ఒక పొరపాటు మాత్రం చేశాము. మొదట ఎకరానికి ఇన్ని గంటలని అందరికీ సమానంగా పంచాము. ఎండిన కాలువ నిండుతూ చివరి పొలం దాకా నీరు చేరేసరికే వారి వంతులో పెద్ద భాగం గడిచిపోయేది. కాలువ నిండే సమయాన్ని వంతులో లెక్కించకుండా వేరుగా కలిపిన తరువాతే చివరివారు పట్టికను నమ్మారు. జరిమానా విషయంలోనూ అంతే: మొదట పెట్టిన భారీ మొత్తాన్ని వసూలు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మొదటి తప్పుకు సభలో మందలింపు, రెండోసారి ఒక గంట కోత అన్నాక అది అమలైంది.

వలతాడు:
సముద్రంలోనూ ఇదే తంటా. టర్కీలోని అలాన్యాలో మంచి చోట్ల కోసం జాలరులు కొట్లాడుకునేవారు. 1970లలో వల వేసే చోట్లన్నింటికీ పేర్లు పెట్టి, ఏటా సెప్టెంబరులో చీట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. జనవరి దాకా ప్రతి పడవా రోజుకొక చోటు చొప్పున తూర్పుకు జరిగేది, ఆ తరువాత మే దాకా పడమరకు జరిగేది. చేపలు దండిగా పడే చోటు ఒకరి సొత్తు కాకుండా అందరి వంతుకూ వచ్చేది.

పాతదస్తావేజు:
ఉమ్మడి వనరును జనం తప్పక పాడుచేసుకుంటారని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త రాశాడు. అమెరికా రాజకీయశాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ఊళ్లలో జరిగేది పరిశీలించి, వాడుకునేవారే నియమాలు చేసుకున్న చోట అలా జరగనక్కర్లేదని చూపింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో చలికాలమంతా తాను మేపగలిగినన్ని ఆవులనే కొండ మేతకు తోలాలన్న నియమం ఉండేది. అతిక్రమణ ఎవరి దొడ్డిలో చూసినా తెలిసిపోతుంది. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతులే ఎన్నుకున్న న్యాయసభ ప్రతి గురువారం మధ్యాహ్నం ప్రధాన చర్చి ద్వారం ముందు, అందరూ చూస్తుండగా కాలువ తగాదాలను నోటిమాటగా విచారిస్తుంది.

మందవెనుక:
రాజీ కుదిరిందని సంబరపడేముందు ఆ సభకు ఎవరిని పిలవలేదో చూడండి. మేము మేపుకునే బీడును రైతులు, చెట్లు నాటినవారు కూర్చుని చక్కగా పంచుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే మందతో వచ్చే మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాగితం మీద తగవు తీరింది, మా మందకు దారి పోయింది. నీళ్లు మోసుకునే ఆడవారిని, భూమిలేని కూలీలను పిలవని పట్టిక ఏదైనా సగం పట్టికే.

గట్టుమీద:
కొలత గీతలకు, నిండే సమయానికి మావాళ్లు ఒప్పుకుంటారు. అయితే నీరు ముందుగా చేరేది ఎగువవారికి గనుక, వారు ఎందుకు ఒప్పుకోవాలో నాకు అర్థం కావడం లేదు.

తూముకాపు:
మీ బలాన్ని మీరే వదులుకున్నారు. నేపాల్‌లో రైతులు సొంతంగా నడుపుకునే కాలువలను ఆస్ట్రమ్ బృందం పరిశీలించినప్పుడు, ఏటా అడ్డుకట్ట బాగుచేయడానికి చివరివారి కూలి అవసరమైన చోట ఎగువవారు వారికి నీరు వదిలారని తేలింది. బయటివారు వచ్చి సిమెంటు కట్టడం కట్టిపెట్టిన కొన్ని చోట్ల ఆ అవసరం తీరిపోయి, చివరివారి వాటా తగ్గింది. మీరు పూడికకు రాకపోవడం వల్ల ఎగువవారు మీరు లేకుండానే తవ్వుకోవడం నేర్చుకున్నారు. ఈ ఏడు పనికి ముందుగా మీరే తట్టలతో వెళ్లండి. కాలువ తల దగ్గర మొదలుపెట్టండి. ఎన్ని గంటల వంతుకు ఎన్ని బారల తవ్వకమో అక్కడే, మట్టి చేతులతోనే మాట్లాడుకోండి.